పదమూడో అంగుళం

ఆటోనగర్‌లో షట్టరెత్తేసరికి
నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది ఆ పికప్పు,
ముందు కాళ్ళు ఎడంగా పెట్టుకున్న పీతలా.

"టక్కంటాది గురూ," అన్నాడు కొర్రా గాశి.
గుంటలో దిగినప్పుడా, లేచినప్పుడా?
"దిగినప్పుడే. ఆ టక్కుకి నా ఈగలన్నీ లేస్తాయి."

ఈగలంటే తేనెటీగలు. నలభై పెట్టెలు.
వలిసెలు పూసే నెల్లో
సబ్బవరం జీడితోటల్లోంచి ఎత్తి
రాత్రికి రాత్రి అనంతగిరి ఘాటెక్కించి
తెల్లారేలోపు పసుపు చేల గట్టున దించాలి.
నిరుడు లాంగ్ ట్రావెల్ కిట్టు వేయించాడు,
ఇసకలో బండ్లు ఎగరేసే కుర్రాళ్ళ మాట విని.
పొడుగు ఆర్ములు, పొడుగు షాకబ్జర్లు,
అప్పు కూడా పొడుగే.
మూడు షెడ్లు తిరిగాడట. మూడు చోట్లా షాకబ్జర్లే మార్చారు.
ఏ రోగానికైనా అదే సూది.

నేను ముందు స్ప్రింగు ఊడదీశాను.
స్ప్రింగు ఉన్నంతసేపూ బండి అబద్ధమాడుతుంది,
మూట దించకుండానే
బాగానే ఉన్నాననే కూలీలా.
జాకీ మీద చక్రాన్ని అంగుళం అంగుళం దించుతూ
గోడమీద సుద్దతో గీతలు పెట్టమన్నాను పోలిరాజుని.
ఐదు, ఆరు. చేత్తో తిప్పితే తిరుగుతోంది.
తొమ్మిది. యారాడ కొండ వైపునించి గాలి, ఉప్పు వాసన.
పదకొండు. బ్రేకు గొట్టం బట్టలారేసే తాడులా బిగిసింది.
పన్నెండు.
పదమూడో అంగుళం దగ్గర
యాక్సిల్ కప్పులో ఏదో గొంతు పట్టుకుంది.
తిప్పితే తిరగదు. గట్టిగా తోస్తే
టక్.

పోలిరాజు సుద్దముక్క పారేసి నవ్వాడు.
గాశి నవ్వలేదు. "ఇదే," అన్నాడు,
పెట్టె మూత తీసేముందు పొగ పట్టేవాడిలా, మెల్లగా.

పొడుగు అమ్మినవాడు
ఎక్కడ ఆగాలో అమ్మలేదు.
కిందకి పోకుండా పటకా లేదు,
పైన తగలకుండా రబ్బరు దిమ్మ లేదు.

కూర్మన్నపాలెం వెళ్ళాను, బస్సు సీట్లు కుట్టే దాలయ్య దగ్గరికి.
లారీ లోడు బెల్టు నాలుగు మడతలేసి,
లెక్కకంటే ముప్పావంగుళం తక్కువ కుట్టమన్నాను.
కొత్త పటకా కొత్త చెప్పులాంటిది, సాగుతుంది.
సాగాక కూడా పన్నెండు దాటకూడదు.

గాశి మొహం చిన్నబోయింది.
డబ్బులిచ్చి కొనుక్కున్న అంగుళం మరి.
"వాడలేని అంగుళం నీది కాదు," అన్నాను.
అని, పెద్ద మాట అనేశానని సిగ్గేసి
చేతిలోనే ఉన్న పానా కోసం వెతికాను.

వెనక కమాను కట్టలో మొద్దు ఆకొకటి తీసి
పల్చటివి రెండు దూర్చాను.
బ్రేకు గొట్టాలు బెత్తెడు పెంచాను.
ఉప్పుగాలి తిన్న బుష్షులు
నలిపితే అటుకుల్లా రాలాయి. ఎన్నాళ్ళయిందో ఎవడూ చూడక.

శుక్రవారం రాత్రి పెట్టెల మధ్య కూర్చున్నాను,
ఒకదానికి చెవి ఆనించి.
శృంగవరపుకోట దాటాక రోడ్డుకి పళ్ళూడాయి.
లోపల ఒకటే శ్రుతి,
పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.
దముకు మలుపులో వాన కోసేసిన గుంట.
ఎడమ చక్రం దిగింది, ఇంకా దిగింది,
పటకా పట్టుకుంది.
చెవి దగ్గర శ్రుతి ఒక్క మెట్టు పైకెళ్ళి
ఏటని అడిగి
మళ్ళీ దిగి పడుకుంది.

తెల్లారి చేను గట్టున గాశి తేనె సీసా చేతిలో పెట్టాడు.
మిగతా డబ్బు పూత అయ్యాక అన్నాడు.
సరేనన్నాను.
వెనక కుడివైపు చిన్న కీచు ఇంకా ఉంది.
ఈగలకి పట్టదు,
అతనికి వినబడటం లేదు.
సోమవారం బండి తెమ్మన్నాను.